శరీరమంటే దేహమేనా?



'శరీరానుసారులు', 'ఆత్మానుసారులు' అన్న మాటలు తెలుగు క్రైస్తవులకు కంఠస్థం. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో 8వ అధ్యాయం ఈ రెండింటి చుట్టూ తిరుగుతుంది. మన ప్రసంగీకులలో చాలామంది ఇందులోని శరీరానికి ఒళ్లు అన్న అర్థమే చెప్పి, ఆ ఒంటిని దండించడమే ఆత్మానుసార జీవనమని బోధిస్తున్నారు. పౌలు చెప్పినది అది కాదని నా అభిప్రాయం. ముప్పయ్యేళ్లు పదాలకు అర్థాలు చెప్పి బ్రతికినవాణ్ణి కనుక పదం దగ్గరే మొదలుపెడతాను.

గ్రీకులో పౌలు వాడినవి రెండు మాటలు. సోమా అంటే దేహం. సార్క్స్ అంటే మక్కికి మక్కి మాంసం. రోమా 12వ అధ్యాయం మొదట దేవునికి సజీవయాగంగా సమర్పించమన్నది సోమాను. 8వ అధ్యాయంలో దాని చొప్పున నడవవద్దన్నది సార్క్స్‌ను. మన తెలుగు బైబిలులో రెండుచోట్లా శరీరమే! దేవునికి అర్పించదగిన వస్తువే ఆయనకు విరోధి ఎట్లా అయిందని పాఠకుడు తికమకపడితే ఆ దోషం అతనిది కాదు.

అట్లాగని అనువాదకులను నిందించలేము. అమరకోశంలో శరీరం, కాయం, దేహం, తనువు ఒకే వరుసలోని పర్యాయపదాలు. తమిళ బైబిలు సార్క్స్‌ను మాంసమనే అన్నది. మలయాళం వారు జడమన్నారు. చైతన్యానికి ఎదురుమాట కనుక నాకు అది ముచ్చటగా తోస్తుంది. మనం మాత్రం 'మాంసానుసారులు' అని ఉంటే వినేవారు ఆదివారపు భోజనం సంగతి అనుకొని ఉందురు.

ఇక ఆత్మ అన్న మాట. అది చెవిన పడగానే మనకు దేహం వస్త్రమనీ, ఆత్మ దానిని ధరించినదనీ స్ఫురిస్తుంది. అది గొప్ప దర్శనమే, కాని పౌలుది కాదు. ఆయన న్యూమా అన్నప్పుడు ఇక్కడ మనిషిలోని జీవాత్మను ఉద్దేశించలేదు, దేవుని ఆత్మను ఉద్దేశించాడు. దేహం తిరిగి లేస్తుందని నమ్మినవాడు, అది పరిశుద్ధాత్మకు ఆలయమన్నవాడు, దానిని చెరసాలగా ఎట్లా తలుస్తాడు?

మరి శరీరమంటే ఆయనకు ఏమిటి? గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో శరీరకార్యాల పట్టిక ఉన్నది. లెక్కపెట్టండి, మొత్తం 15. జారత్వం వంటి కామసంబంధమైనవి 3, తాగుడూ అల్లరీ కలిసి 2. విగ్రహారాధన, అభిచారం మరి 2. తక్కిన 8 ఏమిటి? ద్వేషం, కలహం, మత్సరం, క్రోధం, కక్ష, భేదం, విమతం, అసూయ. వీటిలో ఏ ఒక్కదానికీ ఒంటితో పని లేదు. మంచాన పడి కదలలేని మనిషి కూడా ఈ ఎనిమిదింటినీ తృప్తిగా చేయగలడు. మన పెద్దలు అరిషడ్వర్గమన్నారే, అందులోని క్రోధ మాత్సర్యాలు ఇక్కడా ఉన్నాయి. వాటిని అంతశ్శత్రువులన్నారు గాని దేహశత్రువులనలేదు. కొరింథు సంఘంలో కొందరు మేము పౌలువారమని, కొందరు అపొల్లోవారమని పక్షాలు కట్టినప్పుడు కూడా పౌలు వారిని శరీరసంబంధులనే పిలిచాడు.

ఇంతకంటె నన్ను ఆపేది ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం. శరీరాన్ని నమ్ముకోవలసివస్తే తనకెంత ఉన్నదో పౌలు అక్కడ ఏకరువు పెడతాడు: ఎనిమిదవనాటి సున్నతి, ఇశ్రాయేలు వంశం, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడిగా నిష్ఠ. చూశారా! పుట్టుక, వంశం, గోత్రం, ఆచారం. ఇవన్నీ ఆయన లెక్కలో శరీరం. అంటే మనం మడి అనుకొనేది కూడా.

ఈ పదచర్చ పండితుల పొద్దుపోకకు కాదు. మా బంధువులలో ఒక పెద్దావిడ మధుమేహ రోగి. శరీరాన్ని నలగగొట్టాలని ఎవరో బోధించగా శ్రమదినాలలో అన్నమూ మందులూ రెండూ మానివేసింది. ఆసుపత్రిలో చేర్చవలసివచ్చింది. తేరుకొన్నాక కూడా తన విశ్వాసం చాలలేదని కుమిలిపోయింది. నలగగొట్టడమన్న మాట పౌలే అన్నాడు కదా అంటారేమో. అన్నాడు, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 9వ అధ్యాయంలో. అక్కడి ఉపమానం పందెంలో పరుగెత్తేవాడిది. పరుగెత్తేవాడు ఒంటికి సాధన నేర్పుతాడు, ఒంటిని చంపుకోడు. పైగా కొలొస్సయుల పత్రిక 2వ అధ్యాయం చివర సోమా, సార్క్స్ రెండూ ఒకే వాక్యంలో పడ్డాయి: దేహాన్ని శిక్షించడం శరీరేచ్ఛను అణచడానికి ఏమీ పనికిరాదని దాని తాత్పర్యం. మన అనువాదకులు కూడా అక్కడ 'దేహశిక్ష' అని వేరుమాట వేశారు. ఇంత స్పష్టమైన వాక్యం మీద ప్రసంగం మాత్రం నేను ఒక్కటీ వినలేదు.

ఉపవాసం వద్దని నేననడం లేదు. ప్రభువే ఉపవసించాడు. నా అభ్యంతరం తూకం మీద. ఆడపిల్ల జడలో మల్లెపూలు కనబడితే శరీరానుసారమంటారు. సంఘపు ఆస్తి కోసం రెండు వర్గాలై న్యాయస్థానాలకెక్కిన పెద్దలు బల్లారాధనలో ముందు వరుసన కూర్చుంటే ఎవరూ ఏమీ అనరు. పెళ్లి సంబంధం దగ్గర, బాప్తిస్మమెత్తి మూడు తరాలైన కుటుంబాలు కూడా ముందు అడిగేది కులం. పౌలు పట్టికలో మల్లెపూలు లేవు, కక్షలున్నాయి. ఫిలిప్పీ పత్రికలో వంశం కూడా ఉన్నది.

గలతీ పత్రిక పుట్టిందే ఇటువంటి తగవులో. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే వారికి జడిసి పంక్తి నుంచి లేచి వేరుపడ్డాడు. పౌలు అతనిని అందరి ఎదుటా నిలదీశాడు. ఆ వృత్తాంతం 2వ అధ్యాయంలో, శరీరకార్యాల పట్టిక 5వ అధ్యాయంలో ఉన్నాయి. మన ప్రసంగాలలో రెండవదే వినబడుతుంది, అదీ మొదటి మూడు మాటల వరకే. ఈసారి శ్రమదినాలలో ఏ కాపరి అయినా ఆ మధ్యనున్న ఎనిమిది మాటలకూ ఎనిమిది సాయంకాలాలు కేటాయిస్తే, మోకాలినొప్పితోనైనా సరే, వెళ్లి ముందు వరుసన కూర్చుని వింటాను.