ఆకాశంలో దగ్గర... నేలమీద దూరం

కర్నూలు జిల్లా ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి బెంగళూరుకు 2021 మార్చి 28న విమాన సర్వీసు ప్రారంభమైంది. ఈ రెండింటి మధ్య గగనమార్గ దూరం సుమారు 280 కిలోమీటర్లు. ఇటువంటి చిన్న మార్గాలలో తిరిగే ఏటీఆర్ విమానాలు గంటకు 500 కిలోమీటర్ల వేగాన్ని అందుకోగలవు. ఆ లెక్కన ముప్పయి అయిదు నిమిషాలు చాలాలి. కానీ ప్రయాణ సమయం గంటకు పైమాటే. విమానం నిలిచిన చోటు నుంచి రన్‌వే వరకు నడవడం, పైకి లేవడం, దిగడానికి వంతు కోసం వేచి ఉండటం... దూరం ఎంత తక్కువైనా ఈ కాలం మాత్రం తగ్గదు.

అయితే హిందూపురం, లేపాక్షి, చిలమత్తూరు ప్రాంతాల కుటుంబాలకు ఈ గంట లెక్కతో పనిలేదు. గల్ఫ్‌కు వెళ్లే బిడ్డను సాగనంపేవారికి కావలసింది ఇంటి గడప నుంచి విమానాశ్రయం వాకిలి వరకు పట్టే సమయం.

ఆ విషయంలో 2008 మే 24 మనకు కలిసివచ్చిన రోజు. హెచ్ఏఎల్ నుంచి పౌర విమానాలు దేవనహళ్లికి తరలినప్పుడు నగరవాసులు దూరాభారమని వాపోయారు. మనకు మాత్రం అది ఎదురొచ్చినట్లయింది. బాగేపల్లి నుంచి జాతీయ రహదారిపై సుమారు 65 కిలోమీటర్లు; నగరంలో అడుగుపెట్టనక్కరలేదు.

ఈ సౌలభ్యానికి మరో ముఖం ఉన్నది. 2004లో కేంద్రంతో కుదిరిన ఒప్పందం ప్రకారం, దేవనహళ్లికి 150 కిలోమీటర్ల గగన దూరంలో, మైసూరు, హాసన్ మినహా, మరే విమానాశ్రయాన్నీ 25 ఏళ్లపాటు అంతర్జాతీయ స్థాయికి పెంచరాదు. ఆ గడువు 2033 వరకు. 1990లో ప్రారంభమైన పుట్టపర్తి విమానాశ్రయం అక్కడికి దాదాపు 105 కిలోమీటర్లే గనుక ఆ గిరిలోనిదే. నిషేధం అంతర్జాతీయ హోదాకే తప్ప దేశీయ సర్వీసులకు కాదన్నది గమనార్హం. పుట్టపర్తి నుంచి బెంగళూరుకు ఎగరడంలో అర్థం లేదు. విజయవాడకో, విశాఖకో అయితే రాత్రంతా రైలులో గడిపే రోగులకూ, ఉద్యోగార్థులకూ మేలు. మన ప్రజాప్రతినిధులు అడగవలసింది ఇదే.

ఇప్పుడు బెంగళూరుకు రెండో విమానాశ్రయం మాట వచ్చింది. కర్ణాటక ప్రభుత్వం సూచించిన మూడు స్థలాలను 2025 ఏప్రిల్‌లో కేంద్ర బృందం పరిశీలించింది. రెండు కనకపుర రోడ్డు వైపున్నవి. మూడవది నెలమంగల–కుణిగల్ దారిలోనిది. కనకపుర వైపు పోవాలంటే మనవారు మహానగరాన్ని ఆసాంతం దాటాలి, లేదా చుట్టిపోవాలి. కుణిగల్ దారి అయితే హిందూపురం, మడకశిర వారు గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా దాబస్‌పేట చేరి, నగరం వెలుపలి నుంచే వెళ్లవచ్చు. దేవనహళ్లికి పోయినంత సుళువు కాదు గానీ, మూడింటిలో మనకు ఉన్నంతలో నయమైనది అదే.