గ్యాస్ నొప్పి అనుకుని పోగొట్టుకుంటున్న ప్రాణాలు

పోయిన మిరపకోతల్లో మా తండా పెద్దాయన ఒకాయన పొద్దున్నే గుండెల్లో బరువుగా ఉందన్నాడు. ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. గ్యాసేమోలే అని సోడా తాగించారు. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఉన్నారు, పూట మానేస్తే కూలి పోతుంది. సాయంత్రం కల్లం దగ్గరే కూలబడ్డాడు. ఆటో దొరికి ఆసుపత్రికి చేరేలోపే అయిపోయింది.

గుండెజబ్బంటే కార్లలో తిరిగేవాళ్ల జబ్బు అంటారు. మనమూ అదే నమ్మాం. ఒళ్లొంచి పనిచేసే మనకెందుకొస్తుందిలే అని.

2003-04లో గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో మరణాలు లెక్కతీస్తే నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే. పొలం పనుల ఊళ్లే అవి. తర్వాత 17 దేశాల్లో లక్షన్నర మందిని చూసిన ప్యూర్ అధ్యయనం 2014లో ఇంకో మాట చెప్పింది. బీపీ, కొలెస్ట్రాల్ లాంటి ముప్పులన్నీ కలిపి చూస్తే డబ్బున్న దేశాల్లోనే ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయేది మాత్రం పేద దేశాల్లో ఎక్కువ. అంటే జబ్బు ఒకటే అయినా, వైద్యం అందక పోయేది లేనోళ్లే.

గుంటూరు పెద్దాసుపత్రిలో 2016లో గుండె మార్పిడే చేశారు. సంతోషం. ఆపరేషన్ ఖర్చుకు 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. కానీ జబ్బుందని తెలిస్తే కదా కార్డు పనికొచ్చేది! బీపీ చూసేవాళ్లు మన డేరాల దాకా రారు. బిళ్లలిచ్చే పీహెచ్‌సీ యర్రగొండపాలెం వైపు సొంతూళ్లో ఉంటుంది, మనమేమో రెండు మూడు నెలలు పల్నాడు చేలల్లో ఉంటాం. బిళ్లలు అయిపోతే అంతే సంగతి.

చుట్టలు, సారా మానితే చాలని మనలో కొందరంటున్నారు. మానాల్సిందే, అందులో వాదన లేదు. అయితే తప్పంతా మనవాళ్ల అలవాట్ల మీదికే తోసేస్తే కూలి పోతుందని నొప్పి దాచుకున్న ఆ పెద్దాయనకి ఏం సమాధానం చెప్తాం?

మనం అడగాల్సింది పెద్ద కోరికేం కాదు. కోతలకు బయల్దేరే ముందే తండాలో, యానాది కాలనీలో, ఎరుకల వాడలో, చెంచు గూడెంలో పెద్దోళ్లందరికీ బీపీ, షుగర్ చూడాలి. వలస ఉన్నన్నాళ్లకూ సరిపడా బిళ్లలు ఒకేసారి ఇవ్వాలి. సంక్రాంతికి ఇళ్లకొచ్చేవాళ్లం ఏఎన్‌ఎంని, ఆశా అక్కని కలుద్దాం. ఛాతీ నొప్పి అంటే సోడా కాదు, ముందు 108కి ఫోన్ అని ఇంట్లో చెబుదాం. మీ తండా నుంచి ఎంతమంది కోతలకు పోతారో రాయండి, లిస్టు పట్టుకునే పీహెచ్‌సీకి పోదాం.