చెరువంటే గుంత కాదు

అనంతపురం పేరెత్తగానే మనవాళ్ళకు రెండే మాటలు గుర్తుకు వస్తాయి: కరువు, కాలువ. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన మొదటిదానికి కారణమనీ, హంద్రీ-నీవా రెండవదానికి సమాధానమనీ తేల్చేసి చేతులు దులుపుకొంటారు. ఈ రెండింటి నడుమ ఊరనేది ఒకటున్నదనీ, ఆ ఊరివాళ్ళు ఒకచోట కూర్చుని నీటి సంగతి తేల్చుకోవలసి ఉంటుందనీ ఎవరికీ తట్టదు. ఆ కూర్చునే చోటు గురించే నా గొడవంతా.

"ఊరికి కావలసింది నీళ్ళయ్యా, ముచ్చట్లు కాదు" అనే మిత్రులున్నారు. వారికి నా జవాబు మన నేల కిందే ఉన్నది. జిల్లాలో చాలా భాగం గట్టి రాతినేల. నీరు నిలిచేది పైనున్న శిథిలమైన పొరలోనూ, రాతి పగుళ్ళలోనూ మాత్రమే. నా బోరూ, నీ బోరూ ఒకే పగులులోకి దిగి ఉండవచ్చు. నేను మరో వంద అడుగులు దించితే నీ చీనీతోట ఎండుతుంది. మరుసటి ఏడు నువ్వు దించుతావు. అప్పులు ఇద్దరివీ, నీరు ఎవరిదీ కాదు. ఇటువంటి నేల మీద నలుగురూ మాట్లాడుకోవడం ముచ్చట కాదు, వ్యవసాయంలో భాగం. 2002లో వచ్చిన వాల్టా చట్టం కొత్త బోరుకు అనుమతి కావాలన్నది. మంచిదే. కాని అనుమతి అడిగేది ఒక్కొక్క రైతు, పగులు మాత్రం పదిమందిది. ఆ పదిమందినీ కూర్చోబెట్టే చోటేది?

పక్కనున్న కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం ఒకటున్నది. చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది ఏకరువు పెడుతుంది. నీరు కొద్దిగా, నేల విస్తారంగా ఉండడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దున ఉండడం మరొక దోషం. ఇప్పుడు రాజ్యాలు లేవు, శాఖలున్నాయి. నూరెకరాల లోపు ఆయకట్టు చెరువు పంచాయతీది, ఆపైది నీటిపారుదల శాఖది, చెరువు కింది బోరు భూగర్భజల శాఖ లెక్కలోది. మన చెరువులన్నీ సరిహద్దు చెరువులే! ఊరి పేరే అనంతసాగరమనే చెరువు నుండి వచ్చిందని చెప్పుకొనే జిల్లాకు ఇదా యోగం?

అలాగని రాయలకాలం పాట పాడడం నా ఉద్దేశం కాదు. దశబంధం మాన్యాలతో చెరువులు బాగుపడిన మాట నిజం. నీరుగంటి ఉండి వంతుల ప్రకారం నీరు వదిలిన మాటా నిజం. అయితే మడవ తిప్పిన చేతులకు రచ్చబండ మీద చోటుండేదా? దళితుడు కట్ట మీద మట్టి మోశాడు, కట్ట కింద భూమి మాత్రం అతనికి దక్కలేదు. ఆడవాళ్ళు నీళ్ళు మోశారు, నీటి తీర్పులో వారి మాట లేదు. ఆ రచ్చబండను అలాగే తిరిగి తెమ్మనేవారితో నాకు పేచీ ఉన్నది. సున్నం వేసి, సిమెంటు పూసి, పేరు మార్చినంత మాత్రాన అది అందరిదీ కాదు.

మరి కొత్తది సాధ్యమేనా? సాధ్యమేనని ఈ జిల్లాయే చూపింది. 2003 తర్వాత, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాలలో రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు ఒకటి సాగింది. అనంతపురం వాటిలో ఒకటి. రైతులే వాన కొలిచారు, బోరులో నీటిమట్టం కొలిచారు, ఆ అంకెలను ఊరందరికీ కనబడేలా గోడ మీద వ్రాశారు. రబీకి ముందు కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పైరుకు కావలసినదెంత అని లెక్క కట్టారు. ఏ పైరు వేయాలో ఎవరూ శాసించలేదు. లెక్క కళ్ళ ముందుంటే చాలామంది తామే తక్కువ నీటి పైరుకు మళ్ళారు. ప్రాజెక్టు ముగిశాక ఆ అలవాటు అన్నిచోట్లా నిలవలేదు. నిలవకపోవడానికి రైతును తప్పుపట్టలేను. లెక్కకు ఒక శాశ్వతమైన గోడనూ, గోడకు ఒక శాశ్వతమైన నీడనూ మనం ఇవ్వలేదు.

2006 ఫిబ్రవరి 2న దేశానికంతటికీ ఉపాధి హామీ మొదలయింది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. కూలి దొరికింది, అది చిన్న మేలు కాదు. కాని తవ్విన మట్టిని కొలిచినంత శ్రద్ధగా, ఆ గుంతలో చేరిన నీటిని ఎవరు ఎంత వాడుకోవాలో మనం వ్రాసుకోలేదు. గుంత తవ్వితే చెరువు కాదు. వాడుకొనేవారి కట్టుబాటు తోడైతేనే చెరువు.

కాబట్టి ప్రణాళికలు వేసేవారిని నేను అడిగేది ఇంతే. మండలం హద్దులను పక్కనబెట్టి, ఒకదాని మరవ నీరు మరొకదానికి చేరే గొలుసుకట్టు చెరువులను ఒక ప్రాంతంగా తీసుకోండి. ప్రతి ఊళ్ళోనూ ఎవరి గుడి ముందూ కాక, ఎవరి వాకిలి ముందూ కాక, చెరువుకట్ట దగ్గర అందరూ అడుగుపెట్టగల ఒక చావడి కట్టండి. అందులో వానమానినీ, నీటి లెక్కల గోడనూ పెట్టండి. భూమి లేనివారికీ, ఆడవాళ్ళకూ ఆ లెక్కలో మాట ఉండాలి, ఎందుకంటే తాగునీరు కూడా అందులోదే. నీరుగంటికి పంచాయతీ జీతమివ్వండి. కొత్త బోరుకు అనుమతి ఆ చావడిలో చర్చ అయ్యాకనే ఇవ్వండి.

కాలువ రావద్దని నేననడం లేదు, రానివ్వండి. ఉన్న నీటిని పంచుకోవడం రాని ఊరికి కృష్ణ మొత్తం మళ్ళించి తెచ్చినా చాలదని మాత్రం అంటున్నాను. కాదనే మిత్రులు లెక్కతో రండి, వాదిద్దాం.