పురుగులకు వంటింటి మందులు

"బియ్యం డబ్బా మూత తీస్తే చాలు, నల్లటి పురుగులు బిలబిలమంటూ పైకి పాకుతున్నాయండీ. మందు బిళ్ళలు వెయ్యమని కొట్టువాళ్ళు చెబుతున్నారు. ఇంట్లో పాకే పిల్ల వుంది, నాకు భయం. మన పెద్దవాళ్ళు చేసే చిట్కాలేమైనా వుంటే చెప్పండి" అని ఒక సోదరి రాసింది. వానాకాలం వచ్చిందంటే ఇలాంటి ఉత్తరాలు నాకు ఎక్కువే. అందరికీ కలిపి ఈ వారం జవాబు చెబుతాను.

ముందుగా ఒక్క మాట. గిడ్డంగులలో ధాన్యానికి వేసే ఆ బిళ్ళలు విషవాయువును వదులుతాయి. మనుషులు పడుకునే ఇంట్లో వాటి మాటే తలపెట్టకండి. ఆ సోదరి భయపడడం మంచిదే అయింది.

డబ్బాలో పురుగు బయటనుంచి దూరిందనుకుంటాం గాని, చాలాసార్లు అది బియ్యంతోబాటే బజారునుంచి వస్తుంది. ముక్కుపురుగు గింజకు సన్నని రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. పిల్లపురుగు ఆ గింజనే తింటూ లోపలే పెరిగి, మన వేడికి సుమారు నెల రోజుల్లో బయటికి వస్తుంది. అందుకే ఇవాళ జల్లించి పారేసినా పదిరోజులకు మళ్ళీ ప్రత్యక్షం.

మరి వేపాకు ఏం చేస్తుంది? గింజలోపల వున్నదాన్ని అది చంపలేదు. బయట తిరిగే పురుగుకు మాత్రం ఆ ఘాటు గిట్టదు. కాబట్టి ముందు జల్లెడ, తరవాత ఆకు. రెండు వారాలకొకసారి మళ్ళీ జల్లెడ. ఇంతే రహస్యం.

నేను కొత్తగా కాపురం పెట్టినప్పుడు ఎవరో చెప్పారుగదా అని, అప్పుడే కోసిన వేపరెమ్మలు కడిగి మరీ బియ్యంలో గుచ్చాను. వారం తిరక్కుండా డబ్బా అంతా ముక్కవాసన, అడుగున బియ్యం బూజుపట్టి వుండ కట్టింది. మా అత్తగారు చూసి, "ఆకు వెయ్యమంటే నీళ్ళు కూడా పోశావుటే అమ్మాయ్!" అన్నారు. ఆకు నీడన ఎండాలి. చేత్తో నలిపితే గలగలలాడాలి. అప్పుడు పలచని గుడ్డలో మూటకట్టి అడుగున ఒకటి, మధ్యన ఒకటి, పైన ఒకటి పెట్టుకోవాలి. వావిలాకు దొరికితే అదీ ఇలాగే. కొత్త బియ్యం పొయ్యబోయేముందు డబ్బా కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెట్టండి. పాత బియ్యంమీద కొత్తవి పొయ్యకండి. బియ్యాన్ని మాత్రం మండుటెండలో పొయ్యవద్దు. గింజ పగిలి, అన్నం నూకనూకగా అవుతుంది.

పెసలు, అలసందల సంగతి వేరు. వాటి పుచ్చుపురుగు గుడ్డును గింజపైనే అంటిస్తుంది. పరిశీలనగా చూస్తే తెల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. మన అమ్మమ్మలు పప్పుదినుసులకు ఆముదం పట్టించేవారు గుర్తుందా? ఆ నూనెపొర కింద గుడ్డుకు ఊపిరాడదు. కిలో గింజలకు ఒక టీ చెంచాడు నూనె చాలు, ప్రతి గింజకూ తగిలేలా అరచేతులతో రుద్దాలి. వండేముందు కడుక్కుంటే సరి. పుచ్చుపురుగు సాధారణంగా పట్టేది పొట్టుతో వున్న గుండుగింజలనే. అందుకే బద్దలు చేసిన పప్పు ఎక్కువకాలం నిలుస్తుంది. ఇక బొంబాయిరవ్వ, మైదా కొద్దికొద్దిగా కొనుక్కోండి. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో నాలుగు రోజులుంచితే లోపలి గుడ్లు కూడా చస్తాయి.

చీమలకు పెద్ద వైద్యం అక్కరలేదు. ముందువెళ్ళిన చీమ విడిచిన వాసన పట్టుకుని వెనకవి వస్తాయి. సబ్బునీళ్ళతో ఆ బాట తుడిచెయ్యండి. అవి వచ్చే సందులో పసుపు వెయ్యండి. తీపి డబ్బాను నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టండి.

ఇక బొద్దింకలు. ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం పక్కింటి అమ్మాయి, "పిన్నిగారూ, వంటింట్లో బొద్దింకలు, ఏం చెయ్యను?" అని అడిగింది. "మందులెందుకమ్మా, అలమరా మూలల్లో కర్పూరం పెట్టు. దేవుడిముందు వెలిగించేదేగా" అన్నాను. ఆ అమ్మాయి నా మాట విని కింది అరలో కూడా పెట్టింది. రెండేళ్ళ పిల్లవాడు పటికబెల్లమనుకున్నాడు కాబోలు, నోట్లో వేసుకున్నాడు. అరగంట తిరక్కుండా వాంతి, ఆ వెంటనే ఫిట్స్. ఆసుపత్రి వరండాలో ఆ తల్లి నన్నొక్క మాట అనలేదు. అనివుంటే బాగుండునని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. దేవుడి దయవల్ల పిల్లవాడు దక్కాడు.

కర్పూరం చిన్నపిల్లలకు కొద్ది మోతాదులోనే విషమని ఆ రోజు డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. ఎవరి పిల్లలైనా మింగితే వాంతి చేయించాలని నోట్లో వేలు పెట్టకండి. 108కి ఫోను చేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కేరంబోర్డు మీద చల్లే బోరిక్ పొడి కూడా అంతే. పంచదారతో కలిపి పెడితే బొద్దింక చస్తుంది, నిజమే. కాని పిల్లలకు అదీ విషమే. పాకే పిల్ల వున్న ఇంట్లో రెండూ వద్దు.

మరి బొద్దింకలకేం చెయ్యాలంటారా? అవి రాత్రిపూట నీళ్ళకోసం, ఎంగిలికోసం వస్తాయి. పడుకోబోయేముందు ఎంగిలిగిన్నెలు కడిగేసి, తొట్టి పొడిగుడ్డతో తుడిచి, తూముకు జల్లెడమూత పెట్టండి. చెత్తబుట్ట బయట పెట్టండి. పాత అట్టపెట్టెలు పారెయ్యండి, వాటి మడతల్లోనే అవి కాపురముంటాయి. గోడపగుళ్ళు సిమెంటుతో పూడ్పించండి. ఒక్కరోజులో ఫలితం కనిపించదు. నెలరోజులు విడవకుండా చేస్తే తేడా మీకే తెలుస్తుంది.

ఇప్పుడు ఎవరైనా చిట్కా అడిగితే నేను మొదట వేసే ప్రశ్న ఒకటే: "ఇంట్లో చిన్నపిల్లలున్నారా?" పెద్దవాళ్ళ చిట్కా గదా, చెట్టునుంచి వచ్చింది గదా అని పిల్లలకు అందేచోట ఏదీ పెట్టకండి.

ఉత్తరం రాసిన సోదరీ, మీ బియ్యానికి జల్లెడా, ఎండిన వేపాకూ చాలు. ఆ మూటలైనా పాపాయి చేతికి అందకుండా, డబ్బా మూత బిగించి పెట్టుకోండి.