మేం మొక్కిన నేలకి ఈ రోజు నుంచా పవిత్రత?

మా ఊరి పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇది ఒక ఊరి తగువుగా తేలిపోతుంది. పాడేరు, అరకు ఏజెన్సీలో ఇలాంటి ఊళ్ళు చాలా ఉన్నాయి. చదివేవాళ్ళు తమ ఊరి పేరు పెట్టుకుని చదువుకోవచ్చు.

పోయిన పంట కోతలయ్యాక మా ఊరి పక్కనున్న కథోలిక మిషన్ బడినీ, దాన్ని ఆనుకుని ఉన్న ధ్యాన కేంద్రాన్నీ బాగుచేసి మళ్ళీ తెరిచారు. పెంకుల కప్పు పోయి స్లాబు వచ్చింది. టైల్సు, సోలార్ దీపాలు, చుట్టూ ఆరడుగుల ప్రహరీ వచ్చాయి. మేత్రాణుల వారు కారు దిగితే మా ఆడవాళ్ళే థింసా ఆడుతూ గేటు దగ్గర్నుంచి లోపలికి తీసుకెళ్ళారు. తీర్థజలం చల్లారు, సాంబ్రాణి వేశారు, పాలరాతి ఫలకం మీది తెర తీశారు. ఆ తరవాత ఒక ఫాదర్ గారు మైకు పట్టుకుని మోషే కథ చెప్పి, ఈ రోజు నుంచి ఇది పవిత్ర భూమి, ఇక్కడికి చెప్పులు విడిచి రండి అన్నారు.

మా పెదనాన్న దిసారి. పండగలకి రోజు చూసేది ఆయనే. నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన కాళ్ళకి చెప్పుల్లేవు. ఆ మెరక మీదికి ఆయన ఏనాడూ చెప్పులతో ఎక్కలేదు. "ఏట్రా, ఈ రోజు నుంచా?" అని అడిగాడు. నేను చదువుకున్నవాణ్ణి కదా, నా దగ్గర జవాబుంటుందనుకున్నాడు. అప్పుడు నోరు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

ఆ మెరక సంగతి చెప్పాలి. అక్కడొక పెద్ద పనసచెట్టు, దాని కింద మూడు రాళ్ళు ఉండేవి. జాకర దేవత అని మొక్కుతాం. చైత్రంలో ఇటుకల పండక్కి ప్రతి గడప నుంచీ గుప్పెడు చోడి, గుప్పెడు సామ, వడ్లు, కందులు, ఇంట్లో ఏ విత్తనం ఉంటే అది ఆకుదొన్నెలో అక్కడికి తెచ్చి దేవత ముందు పెట్టేవాళ్ళు. పూజ అయ్యాక అన్నీ కలిపి మళ్ళీ ఇంటింటికీ పంచేవాళ్ళు. కలిగినవాడి విత్తనం లేనివాడి చేలోకీ, లేనివాడిది కలిగినవాడి చేలోకీ పోయేది. ఆ విత్తనం ముట్టందే నేలలో నాగలి దిగదు. బయటివాళ్ళు దీన్ని మూఢనమ్మకం అంటారు. విత్తనాల కంపెనీ సంచీ వచ్చిన తరవాత ఏ ఊళ్ళో ఎన్ని రకాల చోడి మిగిలిందో లెక్క చూసుకుని ఆ మాట అంటే వింటాను.

మిషన్ మొదట వచ్చినప్పుడు ఈ రాళ్ళ జోలికి పోలేదు. మా తాతల కాలంలో ఉన్న ఒక పాత ఫాదర్ సాయంత్రం పూట ఆ పనస కిందే కూర్చుని చుట్ట తాగేవాడని, పండగనాడు తన వంతుగా ఒక కోడి కూడా ఇచ్చాడని చెబుతారు. కోడి సంగతి నిజమో కాదో గానీ, ఊరికి ఆయన మీద ఉన్న ప్రేమ నిజం. ఇప్పుడు బాగుచేయడం పేరిట జేసీబీ వచ్చి మెరకని చదును చేసింది. వేర్లు పునాదిలోకి వస్తాయని చెట్టు కొట్టేశారు. రాళ్ళేవని అడిగితే మేస్త్రీ ఫాదర్ని చూపించాడు, ఫాదర్ మేస్త్రీని చూపించాడు. ఇప్పుడక్కడ కార్లు ఆపుతున్నారు. ఊటకి పోయే దారి ప్రహరీకి అవతల పడింది. నీళ్ళకెళ్ళే ఆడవాళ్ళు గెడ్డ దాటి చుట్టూ తిరిగి పోతున్నారు.

ఊరి పెద్దల్ని అడిగే చేశాం అంటారు. అడిగిన పెద్ద ఎవరయ్యా అంటే, ప్రహరీకి ఇసుక తోలిన మన మనిషే. మన దొంగల్ని మనం దాచుకోనక్కర్లేదు. అయినా ఒక మనిషి సంతకం గ్రామసభ తీర్మానం కాదు. 1996 నాటి పెసా చట్టం ఆచారాల్నీ, సాంస్కృతిక ఉనికినీ, ఊరి ఉమ్మడి వనరుల్నీ కాపాడే అధికారం గ్రామసభకిచ్చింది. ఇసుక ట్రాక్టరున్నవాడికి ఇవ్వలేదు.

సరే, వాళ్ళ ధర్మం ప్రకారమే మాట్లాడదాం. కథోలిక తిరుసభకి 1983లో ప్రకటించిన కానన్ చట్టం ఉంది. అందులో 1205 నుంచి పవిత్ర స్థలాల సంగతి వస్తుంది. దైవారాధనకో, విశ్వాసుల్ని పూడ్చడానికో కేటాయించి, విధి ప్రకారం ప్రతిష్ఠించినవో ఆశీర్వదించినవో మాత్రమే పవిత్ర స్థలాలని చెబుతుంది. బలిపీఠానికీ గోడలకీ తైలం పూసి ప్రతిష్ఠించేది గుడిని. బడికీ, వసతి గదులకీ, భోజనశాలకీ చేసేది ఆశీర్వాదం. ఆ లెక్కన పార్కింగు స్థలంతో సహా మొత్తం నేలని పవిత్ర భూమి అనడం వాళ్ళ పుస్తకంలోనే లేదు. ఫాదర్ గారు మైకు వేడిలో అన్నారనుకుందాం. కానీ ఫలకం మీద కూడా అదే చెక్కారు.

అదే చట్టంలో ఇంకో రెండు మాటలున్నాయి. పవిత్ర స్థలంలో ఘోరమైన పని జరిగి విశ్వాసులు కలత చెందితే ఆ చోటు మైలపడినట్టే. ప్రాయశ్చిత్త విధి జరిపిందాకా అక్కడ ఆరాధన చెయ్యకూడదు. ఇది 1211. చాలా భాగం నాశనమైనా, శాశ్వతంగా లౌకికమైన పనికి మళ్ళించినా ఆ చోటు తన పవిత్రత పోగొట్టుకుంటుంది. ఇది 1212. అంటే పవిత్రత పాడవుతుందనీ, పాడైతే సరిచెయ్యాలనీ వాళ్ళకి బాగా తెలుసు. మరి మన చెట్టు కొట్టి, రాళ్ళు పోగొట్టి, ఆ చోట కార్లు పెట్టినప్పుడు ఏ ప్రాయశ్చిత్తం జరిగింది? మీ గుడికి ఒక చట్టం, మా మెరకకి జేసీబీనా?

మోషే కథ నేనూ ఆ బడిలోనే విన్నాను. బాగా గుర్తుంది. ఆయన ఆ రోజు పూజారి కాదు, పెద్దమనిషీ కాదు. పరాయి దేశం పారిపోయి, మిద్యానులో మామగారి గొర్రెలు కాసుకుంటున్న మనిషి. ఆయన కొండకి పోతే పొద మండుతూ కనబడింది. ఆ నేల పవిత్రమైనదని దేవుడు చెప్పాడే గానీ, ఈ రోజు నుంచి అని చెప్పలేదు. దాన్ని పవిత్రం చెయ్యమని మోషేకి పని అప్పగించలేదు. మోషే అక్కడ ప్రహరీ కట్టలేదు, ఫలకం పెట్టలేదు. చెప్పులు విడవమన్నది కొత్తగా వచ్చినవాణ్ణి. మన కథలో కొత్తగా వచ్చింది ఎవరు? చెప్పుల మాట అయ్యాక దేవుడు మాట్లాడింది దేన్ని గురించో కూడా ఆ ఫాదర్ గారు చెప్పలేదు. బానిసలుగా ఇటుకలు చేస్తున్న జనం మొర తన చెవిన పడిందని చెప్పాడు. మైకు ముందు కూర్చున్న జనానికీ ఒక మొర ఉంది. అది వినడానికి ఆ రోజు కార్యక్రమంలో సమయం కేటాయించలేదు.

ఇది ఒక ఊళ్ళో ఒక ఫాదర్ తొందరపాటైతే ఇంత రాయను. దీని వెనక అయిదు వందల ఏళ్ళ అలవాటుంది. 1452లో, 1455లో, 1493లో పోపులు ఇచ్చిన శాసనాల బలంతో యూరపు రాజులు క్రైస్తవులు కానివాళ్ళ నేలని తమదని ప్రకటించుకున్నారు. జెండా పాతి, సిలువ నిలబెట్టి, ఈ రోజు నుంచి అన్నారు. ఆ సిద్ధాంతాన్ని తాము తిరస్కరిస్తున్నామని వాటికన్ 2023 మార్చి 30న అధికారికంగా చెప్పింది. అంతకు ముందు ఏడాది జులైలో పోపు ఫ్రాన్సిస్ కెనడా వెళ్ళి, అక్కడి ఆదివాసీ పిల్లల్ని అమ్మానాన్నల నుంచి విడదీసి నడిపిన బడుల విషయంలో మస్క్వాసిస్ అనే చోట క్షమాపణ అడిగాడు. ఆ బడుల్ని ప్రారంభించిన రోజున కూడా ఎవరో ఒకరు నీళ్ళు చల్లే ఉంటారు. అమెరికాలో సౌత్ డకోటాలో జెసూట్ గురువులు మిషన్ పేరిట తమ చేతిలో ఉన్న 500 ఎకరాలకు పైగా నేలని 2017లో రోజ్‌బడ్ లకోటా జనానికి తిరిగిచ్చారు. వాళ్ళకి వెన్నెముక ఉందని ఒప్పుకోవాలి.

ఇంకా దగ్గరి మాట. అదే ఫ్రాన్సిస్ 2015లో రాసిన లౌదాతో సి అనే లేఖ 146వ భాగంలో, ఆదివాసులకి నేల సరుకు కాదని, దేవుడూ అక్కడ నిద్రపోతున్న పూర్వీకులూ ఇచ్చిన కానుకని, అది వాళ్ళకి పవిత్ర స్థలమని స్పష్టంగా చెప్పాడు. ఈ లేఖ కాపీ మా ధ్యాన కేంద్రం గ్రంథాలయంలో ఉంది. నేను చూశాను. రోములో ఉన్నాయన మా నేల ముందే పవిత్రమని రాస్తే, మా గుమ్మంలో ఉన్నవాళ్ళు ఈ రోజు నుంచి అని చెక్కించారు.

ఇక పట్టా సంగతి. పవిత్రం అన్న మాట ఎక్కడ పెద్దగా వినబడితే అక్కడ సర్వే నంబరు అడగడం నాకు అలవాటైంది. 1959 భూబదలాయింపు నిబంధనని సవరించిన 1/70 చట్టం మనందరికీ నోటికొచ్చు. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే, అది గిరిజనుడి నుంచి వచ్చిందనే చట్టం ముందు అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సిన బరువు చేతిలో ఉన్నవాడిదే. 1997 సమత తీర్పు ప్రభుత్వాన్ని కూడా ఈ చట్టం కిందికే తెచ్చింది. మా ఊరి మిషన్ కాగితాలు సరిగ్గానే ఉండొచ్చు. ఉంటే గ్రామసభలో చూపించడానికి అభ్యంతరమేమిటి? ప్రహరీ కట్టాక లోపలికొచ్చిన మెరక ఏ కాగితంలో ఉంది?

మనకి దారి చూపించినవాళ్ళు కొండ అవతలే ఉన్నారు. నియమగిరి డోంగ్రియా కోందుల దేవుడు నియమరాజుకి గుడి లేదు, గోపురం లేదు, ఎవరూ ప్రతిష్ఠించలేదు. అయినా 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు ఆ జనం మతహక్కు మీద నిర్ణయం గ్రామసభలదే అంది. పన్నెండు గ్రామసభలు కూర్చున్నాయి. పన్నెండూ బాక్సైటు గని వద్దన్నాయి. పాలరాతి ఫలకం లేకుండానే ఒక కొండ పవిత్రమని దేశం ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇక్కడ ఒకళ్ళు లోపల్లోపల సంతోషిస్తుంటారు, వాళ్ళకీ చెప్పాలి. క్రైస్తవులైన ఆదివాసుల్ని ఎస్టీ జాబితా నుంచి తీసెయ్యాలని డీలిస్టింగ్ సభలు పెడుతున్న పెద్దలారా, ఈ వ్యాసం మీకు పనికిరాదు. 1950 నాటి ఎస్టీ ఉత్తర్వులో మతం షరతు లేదు. మా చెల్లెలు బాప్తిస్మం తీసుకుంది. ఆమె మా చెల్లెలే, మా తెగే. పోయినేడు ఇటుకల పండక్కి ఆమె గుప్పెడు చోడి కూడా దొన్నెలో ఉంది. అసలు మీరు చేస్తున్నది మాత్రం వేరా? కొండదేవతకి పట్టుచీర కట్టి, దుర్గ అని పేరు మార్చి, సిమెంటు గుడి కట్టి, కింద నుంచి పూజారిని తెచ్చి కుంభాభిషేకం చేసి, ఈ రోజు నుంచి అంటారు. ఒకరు తీర్థజలంతో వస్తారు, ఒకరు కలశంతో వస్తారు. ఇద్దరికీ మన నేల అంతకు ముందు ఉత్త నేలే.

బడి గురించి అన్యాయంగా మాట్లాడలేను. నాకు అక్షరం వచ్చింది అక్కడే. చలిజ్వరంతో వణికిపోతుంటే రాత్రంతా మేలుకుని నాకు గంజి తాగించిన సిస్టర్ చేతులు నాకింకా గుర్తే. సర్కారు బడికి మాస్టారు నెలకోసారి వచ్చే రోజుల్లో ఆ బడి తలుపు రోజూ తెరిచింది. అందుకే ఈ బాధ. శత్రువు చెట్టు కొడితే ఇంత నొప్పి ఉండదు. అదే బడిలో కువి మాట్లాడితే చేతుల మీద బెత్తం పడేదన్నదీ నిజమే. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2004 ప్రాంతంలో కువితో కలిపి ఎనిమిది ఆదివాసీ భాషల్లో వాచకాలు తెచ్చింది. అవి సరిగ్గా నడవలేదు, అది వేరే కథ. కొత్త భవనం గోడ నిండా ఇంగ్లీషు సూక్తులు రాశారు. కువి మాట ఒక్కటీ లేదు.

ధ్యాన కేంద్రం గేటుకి "మౌనం పాటించండి" అని బోర్డు పెట్టారు. శని, ఆదివారాలు విశాఖ నుంచి జనం వచ్చి మౌనంగా కూర్చుంటారు. వాళ్ళ మౌనానికి ఇబ్బందని మొన్న పెళ్ళిలో మన డప్పు ఆపించారు. మేత్రాణుల వారిని తీసుకెళ్ళడానికి పనికొచ్చిన డప్పు, మన పెళ్ళికొచ్చేసరికి చప్పుడైపోయింది.

మేం అడిగేది పెద్దదేం కాదు. ఊట దారి వదలాలి, దానికి ప్రహరీలో ఆరడుగులు పగలగొడితే చాలు. మెరక మీద కార్లు ఆపకూడదు. మూడు రాళ్ళు ఎక్కడ పూడ్చారో మేస్త్రీతో వెతికించాలి. ఫలకం మీద "ఈ రోజు నుంచి" అన్న మాట చెక్కెయ్యాలి. భూమి కాగితాలు గ్రామసభలో పెట్టాలి. ఆ తరవాత మేత్రాణుల వారు మళ్ళీ వస్తే థింసా మేమే ఆడతాం, ఎవరూ పిలవక్కర్లేదు.

పెదనాన్న చైత్రంలో పండక్కి రోజు చూసేశాడు. పనస పిలక ఒకటి దొడ్లో నీళ్ళు పోసి పెంచుతున్నాడు. ఆ రోజు పొద్దున్నే విత్తనాల దొన్నెలతో గేటు దగ్గరికి వస్తాం. ముందు నడిచేది ఆయనే, కాళ్ళకి చెప్పుల్లేకుండా. తాళం ఎవరి దగ్గరుందో వాళ్ళకి ముందే చెబుతున్నాం.