భాషకు మడి ఎందుకు?

తెలుగులోని పరాయి మాటలను ఏరిపారేసి భాషను శుద్ధి చేయాలనే వాదం ఆగస్టు 29న, గిడుగు రామమూర్తి జయంతి సభల్లో, ఏటేటా వినిపిస్తూనే ఉంది. సవర భాష నేర్చుకొని, సవరలకు బడులు పెట్టి, వాడుక తెలుగు కోసం పండితులతో పోరాడిన మనిషి పేరు చెప్పి భాషకు మడి కట్టబెడుతున్నారు! ఈ వాదాన్ని నేను ఒప్పుకోను.

రాజవొమ్మంగి సంతలో ఒక కొండదొర రైతు నా చేతికో కాగితమిచ్చి "ఇందులో ఏటి రాసేరు బాబూ?" అని అడిగాడు. అందులో ఒక్క ఇంగ్లీషు మాట లేదు. అభ్యర్థన తిరస్కృతమైనదట, అటవీ భూమి ఆక్రమణ నిర్ధారితమైనదట. "నీ దరఖాస్తు కొట్టేశారు తాతా! నీ పోడు చెల్లదంటున్నారు" అన్నాను. "మా తాతలనాటి పోడు బాబూ అది!" అన్నాడు. దరఖాస్తు పారసీ మాట. అయినా అతనికి సొంతం. 'తిరస్కృతం' మనదట, అతనికి అదే పరాయిది.

పోడు అచ్చ తెలుగు మాట. దాన్ని తీసి 'ఆక్రమణ' అని సంస్కృతం పెట్టగానే సాగు కాస్తా నేరమైంది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టం కొండవాళ్లకు చేసిన అన్యాయానికి మన శుద్ధ భాష ముసుగు వేస్తున్నది. 2006 చట్టం అడవి బిడ్డల హక్కును గుర్తించింది. ఆ 'హక్కు' అరబ్బీ మాట. దాన్నీ వెలి వేద్దామా?

ఇంగ్లీషు తెలుగును మింగేస్తున్నదనే భయం నాకూ ఉంది. అయితే 'సర్వే', 'బస్సు' వంటి మాటలు జనం నోట నలిగి తెలుగైపోయాయి. 1966లో తెలుగును అధికార భాషగా శాసనం చేసిన తర్వాత కూడా ఉత్తర్వులు ఇంగ్లీషులో రావడమే అసలు ప్రమాదం. దాన్ని వదిలేసి మాటల పుట్టుక వెతకడం పనికిమాలిన పని.

1922 ఆగస్టు 24న అల్లూరి సీతారామరాజు దళం రాజవొమ్మంగి పోలీసు స్టేషను మీద పడింది. తుపాకులు పట్టుకుపోయింది, బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించింది. 'స్టేషను' అనే మాటను మాత్రం ఎవరూ తరమలేదు. ఇవాళ్టికీ జనం అదే అంటారు. ఎవరితో పోరాడాలో వాళ్లకు తెలుసు.

ఉపాధ్యాయులారా, విద్యార్థులారా! సంతలో ఆ రైతు తానే చదివించుకొని, తానే ఎదురు వాదించగల తెలుగులో ప్రతి కాగితమూ రావాలని పట్టుబట్టండి. ఆ తెలుగులో ఎన్ని భాషల మాటలున్నా నాకు అభ్యంతరం లేదు.