కిరాయి ఆశ చూపి అప్పు అంటగడుతున్నారు.. సంతకం ఆపండి

లాల్‌గడి మలక్‌పేట్ చుట్టుపక్కల ప్రీలాంచ్ ఫ్లాటుకు బయానా సిద్ధం చేసుకున్నవాళ్లకు మా మొదటి మాట: ఈ వారం ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. డబ్బు మీ ఖాతాలోనే ఉండనివ్వండి.

ఇక్కడ కిరాయి ఆశ ఉత్తిది కాదు. తుర్కపల్లిలో భారత్ బయోటెక్ ఉంది, జీనోమ్ వ్యాలీ నిండా ల్యాబులున్నాయి. రాజీవ్ రహదారి మీద బస్సు దిగే పిల్లలకు తలదాచుకోను గది కావాలి. సొంత జాగాలో నాలుగు గదులు వేసుకుని కిరాయికి ఇచ్చుకునేవాళ్ల గురించి కాదు మా బెంగ. ఆ గదుల గిరాకీని చూపించి, పునాది కూడా పడని ఇంటికి కిరాయి ఇస్తామంటున్నవాళ్ల గురించి.

ఒక పాఠకుడు తన ఒప్పందం పట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. వంద రూపాయల స్టాంపు కాగితం. ఫ్లాటు నంబరు ఉండాల్సిన చోట ఖాళీ. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు ఉండాల్సిన చోట ‘త్వరలో’ అని రాసి ఉంది. వెనకాల పిన్ను కొట్టిన ముందు తేదీల చెక్కులు, ఒక్కోటి 20 వేలకు. మాట ఏమిటంటే, 20 లక్షలు ఒకేసారి కడితే ఇల్లు చేతికొచ్చేదాకా నెలనెలా కిరాయి వాళ్లే ఇస్తారట. రెండేళ్లకు వద్దనుకుంటే ఎక్కువ ధరకు వాళ్లే తిరిగి కొంటారట.

గోడలే లేని ఇంట్లో ఎవరుంటున్నారని కిరాయి వస్తుంది? రెండేళ్లకు వాళ్లిచ్చేది 4 లక్షల 80 వేలు. మీరిచ్చిన 20 లక్షల్లోంచే తీసి మీకిస్తారు. మొదటి మూడు చెక్కులు చెల్లగానే మీరే బావమరిదిని తీసుకొస్తారు. వాళ్లకు కావాల్సిందీ అదే.

ఇక అప్పు సంగతి. రెరా నంబరు, అనుమతి పొందిన ప్లాను లేని కట్టడానికి బ్యాంకు హోమ్ లోన్ ఇవ్వదు. బ్యాంకు కాదన్నదంటే అక్కడే ఆగిపోవాలి. కానీ ఏజెంటు ఆగనివ్వడు. ‘పర్సనల్ లోన్ నేనిప్పిస్తా, అన్నా’ అంటాడు. ఒకేసారి రెండు మూడు బ్యాంకుల్లో దరఖాస్తు పెట్టిస్తాడు, ఒక అప్పు ఇంకో బ్యాంకు రికార్డుకు ఎక్కేలోపే. మా పాఠకుడు ఇంట్లో బంగారం కుదువ పెట్టి 5 లక్షలు తెచ్చాడు. మిగతా 15 లక్షలు పర్సనల్ లోన్. 14 శాతం మిత్తికి, ఐదేళ్లకు, నెల కిస్తీ సుమారు 34,900. అంటే ఆ 20 వేల చెక్కు చెల్లిన నెలలో కూడా జేబులోంచి దాదాపు 15 వేలు పోతాయి. చెక్కు తిరిగొచ్చిన నెలలో కిస్తీ మొత్తం ఆయన జీతం మీదే. లోన్ కాగితంలో బిల్డర్ పేరే లేదు మరి, బ్యాంకు ఎవరిని అడుగుతుంది?

అమీన్‌పూర్‌ను మరిచిపోయారా? సాహితీ ఇన్‌ఫ్రాటెక్ అక్కడ శర్వాణీ ఎలైట్ పేరిట ప్రీలాంచ్‌లో డబ్బు వసూలు చేసింది. 2022 డిసెంబరులో సంస్థ ఎండీని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేసేనాటికి టవర్లు లేవు, డబ్బు కట్టిన జనం రోడ్డు మీదున్నారు. ఢిల్లీ చుట్టుపక్కలైతే బిల్డర్లకు, బ్యాంకులకు మధ్య లోపాయికారీ ఒప్పందం ఉందా అని తేల్చమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో సీబీఐకి అప్పగించింది. కట్టడం ఎంతవరకు వస్తే అంతవరకే లోన్ విడుదల చేయాలని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. మొత్తం ముందే బిల్డర్‌కు ఇప్పిస్తామని ఎవరైనా అంటే ఆ మాట గుర్తుచేయండి.

2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలమైనా, 8 ఫ్లాట్లు దాటిన కట్టడమైనా రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. రిజిస్టర్డ్ అగ్రిమెంటు రాయకుండా ధరలో పదో వంతుకు మించి అడగకూడదు. కొన్నవాళ్లు కట్టిన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టుకే వేరే ఖాతాలో ఉండాలి. ‘డిస్కౌంటు ఆదివారంతో సరి’ అని తొందరపెట్టేవాడిని ఈ మూడూ అడగండి. జవాబుకు బదులు ఇంకో డిస్కౌంటు చెబితే లేచి వచ్చేయండి.

గుంటల లెక్కన అమ్ముతున్న ఫామ్ ప్లాట్లదీ దాదాపు ఇదే కథ. 2020 అక్టోబరు 29న భూరికార్డుల పోర్టల్ ధరణి మొదలైంది మన పక్కనున్న మూడుచింతలపల్లిలోనే. అందుకేనేమో, పోర్టల్‌లో పేరు కనబడితే చాలనే ధీమా ఇక్కడ ఎక్కువ. ఇప్పుడది భూభారతి అయింది. ఏ పేరుతో ఉన్నా అది సాగుభూమి రికార్డు, ఇల్లు కట్టుకోవడానికి అనుమతి కాదు. అనుమతి లేని చోట హోమ్ లోనూ రాదు, మిగిలేది నూటికి రెండు మూడు రూపాయల నెల మిత్తి ఫైనాన్షియరే.

ఇప్పటికే కట్టేసినవాళ్లు సిగ్గుపడి దాచుకోకండి. ఇంట్లో చెప్పండి. కిస్తీ ఆపేయకుండా ముందు బ్యాంకుకు వెళ్లి మాట్లాడండి. రసీదులు, వాట్సాప్ మాటలు, బ్రోచర్ అన్నీ భద్రం చేసి రెరాకు, పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. చెక్కు తిరిగొచ్చిందా? ‘వచ్చే నెల వేసుకోండి’ అంటే నమ్మి కూర్చోకండి. బ్యాంకు నుంచి ఆ సమాచారం అందిన 30 రోజుల్లోపు లాయర్ నోటీసు ఇవ్వాలి. మెమో ఏ రోజు చేతికొచ్చిందో ఇప్పుడే చూసుకోండి.